ఇంటి సబ్బునకు రంగు: క్షారము పెట్టు పరీక్ష

సున్నిపిండి కొట్టుకొనుటలో ఆరితేరిన చేతులకు సబ్బు పోయుట తొలినాడే యొక ఆశాభంగమును కలిగించును. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములలో పెసరపిండి, పసుపు, ఎండిన తంగేడుపూలు, గులాబిరేకులు, కచ్చూరాలు కలిపి దంచి జల్లించిన నలుగుపిండి తరతరములుగా వాడుకలో నున్నది. అందు పసుపు పసుపుగనే, గులాబిరేకు గులాబిరేకుగనే కానవచ్చును. ఆ అనుభవమును నమ్ముకొని, నూనెయు కాస్టిక్ సోడాయు కలిపి ఇంటిలో సబ్బు చేయ పూనుకొన్నవారు ఆ దినుసులనే సబ్బుముద్దలోను కలుపుదురు. కలిపిన నిమిషములోనే పసుపు ఎఱ్ఱబారును. మందారపు పొడి మొదట పచ్చబడి పిదప మట్టిరంగు తిరుగును. గులాబి నస్యపు వన్నెకు దిగును. చేయి తిరుగనందున, లేదా కొలత తప్పినందున ఇట్లయినదని పలువురు తలపోసి, మరునాడు మరింత పసుపు, మరింత మందారము వేసి చూతురు. పదార్థముల స్వభావము తెలియక పడు శ్రమ యిది. కంటికి ఏ రంగు ఇంపుగా నున్నదని మొదట విచారించువాడు ఈ పనిలో తప్పక మోసపోవును. క్షారమునకు ఏ రంగు ఓర్చునో, వెలుతురునకు ఏది నిలుచునో, ఒంటికి ఏది కీడు సేయదో ఈ వరుసలో విచారించువాడు కొద్దిపాటి దినుసులతోనే చక్కని సబ్బులు పోయగలడు. ఈ విషయమున మన ప్రాంతములో దొరకు వస్తువులెవ్వి, వానిలో దేని గుణమెట్టిదో పరిశీలించి చెప్పుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

సబ్బు పుట్టుకను గూర్చి క్లుప్తముగ చెప్పి ముందునకు పోవుదును. నూనెలోని కొవ్వు ఆమ్లములు క్షారముతో కలిసి సబ్బును, దానితోపాటు గ్లిసరిన్‌ను ఇచ్చును. కిలో కొబ్బరినూనెకు సుమారు 183 గ్రాములు, పల్లినూనెకు 136 గ్రాములు, ఆముదమునకు 128 గ్రాముల కాస్టిక్ సోడా పట్టును. చర్మమునకు మృదువుగ నుండుటకై ఈ లెక్కలో అయిదు శాతము తగ్గించి వేయుట వాడుక. కరిగిన కాస్టిక్ ద్రావణపు పి.హెచ్. 13కు పైబడి యుండును. అచ్చులో పోసిన పిమ్మట ఒకటి రెండు దినములలో ఆ తీవ్రత చాలవరకు అణగి, నాలుగు మొదలు ఆరు వారములు ఆరిన పిదప 9, 10 నడుమ నిలుచును. నిజమైన సబ్బు ఎన్నడును అంతకంటె దిగదు. కావున ఇందులో వేసిన ఏ రంగైనను మొదట ఆ దారుణమైన క్షారమును దాటి బయటపడవలెను. ఆపై తన జీవితమంతయు అల్పక్షారములోనే గడపవలెను. అంగడిలో దొరకు గ్లిసరిన్ సబ్బు బేస్‌ను కరగించి రంగు కలిపి పోయువారికి ఈ మొదటి గండము లేదు, రెండవది మాత్రము తప్పదు.

పసుపుతో మొదలిడుట న్యాయము. ఏలనగా అది మన నేల పంట. 2016 అక్టోబరు 11న కామారెడ్డి వేరు జిల్లా యగువరకు ఏ నిజామాబాదు జిల్లాలో భాగమై యుండెనో, ఆ జిల్లా పసుపునకు పెట్టినది పేరు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రముగ ప్రారంభమైనది. పసుపులోని వర్ణద్రవ్యము కర్కుమిన్. పి.హెచ్. ఏడున్నర దాటుచుండగా అది పసుపువన్నెను విడుచుటకు మొదలిడి, ఎనిమిదిన్నర దాటునప్పటికి పూర్తిగా ఎఱ్ఱబారును. ఈ సంగతి రసాయనశాస్త్రమున చదువుకొననక్కరలేదు. పెండ్లికూతురి పాదములకు పెట్టు పారాణి పసుపు, సున్నముల కలయికయే. దిష్టి తీయు ఎఱ్ఱనీళ్ళును అదియే. పప్పు మరక పడిన తెల్లచొక్కాను సబ్బుతో రుద్దగనే మరక ఎఱ్ఱబడుటయు, ఉదికి ఆరవేసినంతనే మరల పచ్చబడుటయు చూడని ఇల్లాలు లేదు. ఇంతటి ఎరుక వంటింటిలోనే యుండగా, సబ్బుగిన్నెలో పసుపు ఎఱ్ఱబారినప్పుడు మనము ఆశ్చర్యపడుట చిత్రము.

ఆ ఎరుపైనను నిలుచునా యనిన, నిలువదు. క్షారములో కర్కుమిన్ రంగు మారుటయే గాక క్రమముగ విడిపోవును. వెలుతురు ఆ పనిని త్వరపెట్టును. అందుచేత పోసిననాడు ఇటుకవన్నెలో నున్న సబ్బు, ఆరునప్పటికి పండు నారింజ తొక్క రంగునకో, లేత గోధుమవన్నెకో వచ్చి, కిటికీ యొద్ద పెట్టినచో పైపొర మరింత వెలవెలబోవును. అట్టి సబ్బుదిమ్మెను నిలువుగ కోసి చూచినచో ఒక వింత కనబడును: నడుమ గుండ్రముగ, ముదురుగ, కొంచెము పారదర్శకముగ నొక భాగమును, దానిచుట్టు లేతగ, మసకగ నొక అంచును. దిమ్మె నడుమ వేడి నిలిచి సబ్బు జిగురువలె మారిన మేరకు రంగు చిక్కనై, అంచులు చల్లబడి ఆ స్థితిని పొందనందున లేతబారినవి. దిమ్మెయంతటను ఒకే రంగు కావలసినవారు అచ్చును దుప్పటి కప్పి వెచ్చగ నుంచవలెను, కాదేని మొదటినుండియు చల్లని చోటనే పెట్టవలెను. మధ్యేమార్గము ఇచట పనికిరాదు.

కొలత విషయమున నా అభిప్రాయము నిర్మొహమాటముగ చెప్పుచున్నాను: కిలో నూనెకు అర చెంచా మెత్తని పసుపు చాలును, చెంచా దాటుట అనవసరము. మీరినచో నురుగు పచ్చబడి తుండుగుడ్డలు పాడగును. కొమ్ములు కొని దంపించుకొన్న పసుపు శ్రేష్ఠము. పొట్లములలోని పొడులకు మెటానిల్ యెల్లో, సీసపు క్రోమేటు వంటివి కల్తీ చేయు దురాచారము దేశమున నున్నది. మరియొక భ్రమను గూడ తొలగింపవలసి యున్నది. పసుపునీటి చుక్క సబ్బుపై వేసి, అది ఎఱ్ఱబడినచో సబ్బులో కాస్టిక్ మిగిలిపోయినదని నిర్ణయించువారు కలరు. పి.హెచ్. ఎనిమిదిన్నర దాటిన ఏ వస్తువుపైనను పసుపు ఎఱ్ఱబడును, ప్రతి మంచి సబ్బును అంతకు పైననే యుండును. కావున ఆ పరీక్ష అన్ని సబ్బులను దోషులుగ చూపును. మిగులు కాస్టిక్‌ను పట్టుటకు సబ్బును ఆల్కహాలులో కరగించి ఫినాఫ్తలీన్ చుక్కలు వేసి చూచుట తగిన సాధనము.

పూల మాటకు వత్తము. బతుకమ్మ పేర్చు సీమ మనది. ఏ పువ్వు ఏ వన్నెదో తెలియని పిల్ల ఇచట లేదు. అయితే వన్నె ఒకటే అయినను దానిని కల్పించిన ద్రవ్యము వేరు కావచ్చును, సబ్బులో దాని గతి ఆ ద్రవ్యమును బట్టి యుండును. మందారము, గులాబి, శంఖపుష్పముల రంగు ఆంథోసయనిన్ జాతిది. ఇది ఆమ్లములో ఎఱ్ఱగను, క్షారములో నీలముగ, పచ్చగ, పసుపుగను మారి తుదకు నశించును. శంఖపుష్పపు నీలమును చూచి ముచ్చటపడి దాని కషాయముతో కాస్టిక్ కలిపినవారికి ఆ నీలము కన్నులయెదుటనే పచ్చబడి పసుపుబారును. గునుగుపువ్వు గులాబి వన్నె, బీట్‌రూటు ఎరుపు, బచ్చలిపండ్ల ఊదా, ఈ మూడును బీటాలెయిన్ అను మరియొక జాతికి చెందినవి; క్షారమునకు ఇవియు ఓర్వజాలవు. చేతులు తడిసి ముద్దయగునంతటి బీట్‌రూటు రసము పోసినను మిగులునది వెలిసిన గడ్డి రంగే. బతుకమ్మ కొరకు గునుగుపూలను ముంచు పొట్లపు రంగులు సబ్బునకు తగినవి గావు. అవి పూలకొరకు అమ్మబడునవే గాని ఒంటికొరకు గావు.

పూలలో బంతి ఒక్కటి మాత్రము మాట నిలబెట్టుకొనును. దాని పసుపువన్నె ల్యూటిన్ అను కెరొటినాయిడ్ వలనిది. కెరొటినాయిడ్లు నూనెలో కరగును, క్షారమునకు బెదరవు. నీడన ఎండబెట్టిన బంతిరేకులను గోరువెచ్చని నూనెలో కొన్ని దినములు నాననిచ్చి వడగట్టిన నూనెతో సబ్బు పోసినచో హాయియైన లేతపసుపు వచ్చును. రేకులను అట్లే ముద్దలో కలిపినను, గులాబిరేకులవలె నల్లబారవు. దసరా వెళ్ళిన మరునాడు మన వాడలలో ఎన్ని గంపల బంతిపూలు చెత్తలో కలియునో తలచుకొన్నచో, ఈ ఒక్క ఉపయోగమును ప్రచారము చేయుటయే మేలనిపించును.

మోదుగును గూర్చి విడిగ చెప్పవలెను. ఎల్లారెడ్డి, గాంధారి వైపు అడవులలో ఫాల్గుణమాసమున ఆకులు రాలిన కొమ్మలపై నిప్పురవ్వలవలె విరియు ఈ పూలను ఉడికించి, చిటికెడు సున్నము వేసి కామునిపున్నమకు రంగునీళ్ళు చేయుట పాత ఆచారము. సున్నము వేయగనే పసుపు నారింజగ చిక్కబడుట గమనింపదగినది: దీనిలోని బ్యూటిన్ మొదలగు ద్రవ్యములు క్షారములో ముదురును. కావున సబ్బుముద్దలో మోదుగ మొదట మిక్కిలి ఆశ గొల్పును. కాని దుస్తుల అద్దకములోనే ఇది నిలువని రంగని పూర్వము నుండి పేరుపడినది. కడిగిన పోవును, ఎండకు వెలియును. సబ్బులోను దీనిని నమ్ముకొనరాదు. నీడన ఆరబెట్టి, మూతగల పెట్టెలో దాచి, త్వరగ వాడుకొనువారు మాత్రము దీని అందమును అనుభవింపవచ్చును.

ఆకుల విషయమున పెక్కు మాటలు వలదు. వేపాకు, మునగాకు, గోరింట పొడులు తొలుత పచ్చగ నుండి, వారములు గడచుకొలది ముదురు ఆలివ్ వన్నెకు, ఎండ సోకినచో ఎండుగడ్డి వన్నెకు వచ్చును. చిలుకపచ్చ సబ్బు ఆకుపొడితో చేసితినని ఎవరైన అమ్మినచో సందేహింపవచ్చును.

వేళ్ళు, గింజల మాట వేరు. ఇచటనే మన పూర్వుల ప్రజ్ఞ వెల్లడియగును. తెలంగాణమున పుట్టపాకలోను, అంతకుముందు చీరాలలోను నేసిన తేలియా రుమాలు కథ సబ్బు చేయువారందరు వినదగినది. ఆ నూలును రంగులో ముంచుటకు ముందు ఆముదపు కాయల పొట్టును కాల్చిన బూడిదనీటితోను నూనెతోను కలిపిన ద్రవములో పలుమార్లు నానబెట్టి, పిసికి, ఆరబెట్టుదురు. బూడిదనీరు క్షారము, దానికి నూనె తోడు: సబ్బు పుట్టుటకు కావలసిన రెండును అచటనే యున్నవి. చేతిలో కలిసి నూలులోనికి ఇంకిన ఆ నూనె-క్షారముల వలన చిరువేరు ఎరుపు నూలును గాఢముగ పట్టుకొనెను, రుమాలునకు ఆ పేరు తెచ్చిన తైలపు వాసనయు నిలిచెను. ఆ వేరులోని వర్ణద్రవ్యమైన అలిజరిన్‌ను జర్మను రసాయనజ్ఞులు 1868లో కృత్రిమముగ తయారుచేసిన పిదప చిరువేరు సాగు క్షీణించినను, పద్ధతి మాత్రము చావలేదు. పుట్టపాక తేలియా రుమాలునకు 2020లో భౌగోళిక సూచిక లభించినది. నూనె, క్షారము, ఎరుపు ఈ మూడింటి మైత్రిని ఇంత చక్కగ నెరిగిన ప్రాంతమువారు, తమ సబ్బులకు రంగు కొరకు దూరదేశపు పొట్లములను వెదకవలసిన గతి లేదు.

చిరువేరు నేడు సులభముగ దొరకదు. దాని జ్ఞాతియైన మంజిష్ఠ పచారీ దుకాణములలో, ఆయుర్వేదపు అంగళ్ళలో లభించును. మంజిష్ఠ పొడిని నూనెలో వెచ్చజేసి వడగట్టినచో లేత గులాబియు, కాస్టిక్ నీటిలోనే కలిపినచో వంగపండు వైపు మొగ్గిన ముదురు వన్నెయు వచ్చును. ఈ తరగతి ద్రవ్యములు క్షారము హెచ్చుకొలది ఊదాకు తిరుగుట సహజము. సహజవర్ణములలో ఎరుపు-గులాబి కోరువారికి నేను మొదట చెప్పునది ఇదియే. రతన్‌జోత్ వేరు మరియొక విచిత్రము: తలనూనెలో మాణిక్యమువలె ఎఱ్ఱగ దిగు ఈ వేరు, సబ్బులో క్షారము తాకగనే నీలి-ఊదా యగును, ఆరినకొలది బూడిద కలిసిన ఊదాగ నిలుచును. ఎరుపు కొరకు దీనిని వేయువారు భంగపడుదురు, ఊదా కొరకు వేయువారు సంతోషింతురు.

జాఫ్రా గింజలను గూర్చి నాకు పక్షపాతమే గలదు. ఎఱ్ఱని గింజల పైపూతలోని బిక్సిన్ నూనెలో సులభముగ దిగును. కాస్టిక్ తగిలినప్పుడు నాశమగుటకు మారుగ నార్‌బిక్సిన్ లవణముగ మారి, రంగు చెడకయే సబ్బులో కలిసిపోవును. క్షారము దీనికి శత్రువు కాదు, చుట్టము. పిడికెడు గింజలు పావులీటరు నూనెలో సన్నని సెగను వెచ్చబెట్టి ఒక రాత్రి ఉంచి వడగట్టిన, ఆ నూనెను ఒక చెంచా మొదలు నాలుగైదు చెంచాల వరకు కలుపుచు మీగడవన్నె మొదలు గుమ్మడిపండు వన్నె వరకు ఏది కావలసిన అది పొందవచ్చును. ఎండకు ఇదియు వెలియునన్న మాట నిజమే. నీడన ఉంచుట ఒక్కటే దీనికి చేయవలసిన ఉపచారము. పసుపుతో పడు పాట్లన్నియు ఎరిగినవారు జాఫ్రాకు మారుట ఉత్తమమని నా నిశ్చితాభిప్రాయము.

నీలమునకు నీలిమందే. ఒకప్పుడు తూర్పుతీరపు రేవుల నుండి ఓడలకెక్కిన తెలుగునేల నీలి, 1897లో జర్మను కంపెనీ కృత్రిమ నీలిని అంగడికి తెచ్చిన తరువాత మూలబడినది. అసలు నీలి ముద్ద నీటగాని క్షారముననుగాని కరగదు, చెడదు; సూక్ష్మమైన పొడిగ సబ్బంతటను నిలిచియుండును. కొంచెము నూనెలో కలువమున మెత్తగ నూరి, కిలో నూనెకు పావు చెంచాతో మొదలిడవలెను. తలకు పెట్టుకొనుటకు అమ్ము నీలి ఆకుపొడి దీనికి బదులు కాదు. అది మాసిన పచ్చ-బూడిద వన్నె నిచ్చును. ఇంకొక జాగ్రత్త: నువ్వులనూనె, ఇప్పనూనె, వేపనూనెలతో పోసిన సబ్బు స్వతఃసిద్ధముగ పసుపువన్నెది గాన, నీలము దానిలో పడి ఆకుపచ్చగ కనబడును. తెల్లని దిమ్మె కావలసినచో కొబ్బరినూనె పాలు పెంచవలెను.

మట్టిరంగులు అన్నిటికంటె స్థిరమైనవి. ఇనుపఖనిజమే ప్రాణముగ గల ఎఱ్ఱమన్ను, అనగా మన ఇండ్ల అరుగులకు, గోడలకు పూయు జాజు, క్షారమునకు గాని ఎండకు గాని చలింపదు. ముల్తానీమట్టి తేనెవన్నెను, పుట్టమన్ను లేత ఇటుకవన్నెను ఇచ్చును. కొబ్బరిచిప్పల బొగ్గు నిష్కళంకమైన నలుపు. అయితే చెరువుగట్టున తవ్వి తెచ్చిన మన్నును అట్లే కలుపుట సాహసము: ఇసుక చర్మమును గీరును, సూక్ష్మజీవులు, భారలోహములు ఉండవచ్చును. నీటిలో కలిపి, ఇసుక అడుగుపట్టనిచ్చి, పైతేటను వేరుపాత్రలోనికి వంచి, దానిలో నెమ్మదిగ దిగిన మెత్తని ఒండును ఆరబెట్టి బాగుగ కాల్చి జల్లించినచో మొదటి రెండు దోషములు తీరును, మూడవది తీరదు.

ఇచట ప్రకృతిసిద్ధమైనదెల్ల సాధువనెడి నమ్మకమును పరీక్షింపక తప్పదు. పాత చిత్రకారుల పెట్టెలలోని సిందూరము సీసపు భస్మము. ఇంగిలీకము పాదరసపు గంధకసంయోగము. హరిదళము పాషాణము, అనగా ఆర్సెనిక్, యొక్క గంధకసంయోగము. మూడును కన్నులకు పండుగ చేయునవే, మూడును విషములే. తద్విరుద్ధముగ, ప్రయోగశాలలో తయారైన ఇనుప ఆక్సైడులను సౌందర్యసామగ్రికి ఎన్నుకొనుటకు కారణము, తవ్విన మట్టిలో కలసివచ్చు సీసము, పాషాణము వానిలో అదుపులో నుండుటయే. ఈ ఒక్క విషయమున నేను పెరటి మట్టికంటె కర్మాగారపు పొడినే సమర్థింతును. అల్ట్రామెరీన్ నీలము, క్రోమియం ఆక్సైడు పచ్చ, టైటానియం డయాక్సైడు తెలుపు సైతము క్షారమున స్థిరములు. సౌందర్యసాధనములకు తగిన శ్రేణివి మాత్రమే కొనవలెను. మెరుపు కొరకు వేయు మైకా పొడులలో కొన్నిటికి పైపూతగ వేసిన రంగు కాస్టిక్‌లో మారిపోవును గాన, చిటికెడు వేసి చూచుకొనుట మంచిది.

అంగడిలో సులభముగ దొరకు తక్కిన రంగుల సంగతి దిగులు గొలుపునది. హోలీ పొడులలో మలకైట్ గ్రీన్, రోడమైన్ వంటివి పట్టుబడిన సందర్భములు గలవు; వీనిలో మలకైట్ గ్రీన్ తీవ్రక్షారములో వెలిసిపోవును గాన, రంగు పోయినను విషము మిగులునను అనర్థము గూడ గలదు. అంగడి కుంకుమ నేడు పలుచోట్ల పసుపు, వెలిగారములతో చేసినది కాదు, కృత్రిమపు రంగు కలిసిన పొడి. పసిబిడ్డల సబ్బులో శుభమని చిటికెడు కుంకుమ వేయు అలవాటును మానవలెను. మిఠాయి రంగులు తినుటకు అనుమతింపబడినవే యైనను సబ్బునకు తగవు. నీట కరుగునవి గాన ఒక పొర నుండి మరియొక పొరకు ప్రాకి గీతలన్నిటిని చెరుపును, వన్నె మార్చును. తెల్లబట్టలకు పెట్టు నీలిమందు సీసాలు బట్టలకొరకే యుద్దిష్టములు.

అమ్మకమునకు పోయువారు చట్టమును గూడ ఎరిగియుండవలెను. స్నానపు సబ్బు 1940 నాటి ఔషధ, సౌందర్యసాధనముల చట్టమునకును, 2020 నాటి సౌందర్యసాధనముల నిబంధనలకును లోబడినది. తయారుచేసి అమ్ముటకు లైసెన్సు కావలెను. అందు వేయదగిన రంగులను భారతీయ ప్రమాణముల సంస్థ 4707వ సంఖ్య గల ప్రమాణములో పేర్కొన్నది. రంగులో సీసము పది లక్షల పాళ్ళకు ఇరువదికి, పాషాణము రెండునకు మించరాదు. మహిళాసంఘములు ఈ వృత్తిలో దిగునప్పుడు అచ్చులు, పెట్టెలు, సువాసనతైలములు కొనుటకు ముందు ఈ నియమములను గ్రహించుట వారికి రక్ష.

మన కామారెడ్డి పట్టణమునకు ప్రత్యేకమైన యొక వర్ణద్రవ్యమును గూర్చి ఎవరును అంతగ తలపరు: బెల్లము. 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగర్ నిర్మాణముతో మంజీర నీరు పొలములకు పారిన ఈ సీమలో చెరకు పండినది, కామారెడ్డి బెల్లపు అంగడికి పేరు వచ్చినది. క్షారము తగిలినప్పుడు చక్కెరలు గోధుమవన్నెకు తిరుగుట చేత బెల్లము తేనె మొదలు కాఫీ వరకు వన్నెల నిచ్చును; నురుగును గూడ పెంచును. రంగు తెలుపు చేయుటకు హైడ్రోస్ వేసిన పచ్చబెల్లమైనను, వేయని నల్లబెల్లమైనను సబ్బులో చేరునది గోధుమరంగునకే గాన, ఇందుకు నల్లబెల్లమే కొనుట తెలివి. కిలో నూనెకు రెండు చెంచాల తురుమును, కాస్టిక్‌కు కేటాయించిన నీటిలో నుండి తీసిన కొంచెము నీటితో కరగించి, మలినములను వడగట్టి, ముద్ద చిక్కబడుచున్నప్పుడు కలుపవలెను. మరుగుచున్న కాస్టిక్ నీటిలో వేసినచో ఒక్కసారిగ నల్లబడి పొంగును. బెల్లము ముద్దకు వేడి పుట్టించును. దుప్పటి కప్పినచో దిమ్మె నడుమ చీలి పైకుబుకును గాన, ఈ సబ్బును చల్లగ నుంచవలెను. పాలు పోసి చేయు సబ్బు సైతము, పాలలోని చక్కెర కారణముగ, ఇట్లే మీగడవన్నె నుండి గోధుమవన్నెకు పోవును. వెనిలా వాసన గల తైలములు వేసినను సబ్బు గోధుమబారును, అది మాత్రము మరియొక కారణమున. ఆ గోధుమవన్నె వేసిన ప్రతి రంగును మింగివేయును.

ఇక చేతిపని. పొడిరంగులను పొడిగనే ముద్దపై చల్లినచో పొక్కులవలె మచ్చలు మిగులును. చెంచెడు పొడిని రెండు మూడు చెంచాల నూనెలో, మట్టినైనచో నీటిలో, గడ్డలు లేకుండ నూరి పెట్టుకొనవలెను. గరిటె నెత్తి వదలినప్పుడు జారిన ధార ముద్దపై గీతగ నిలుచు వేళ కలుపుటకు తగినది. అంతకంటె ఆలస్యమైనచో రంగు సమముగ కలియదు. జాఫ్రా, బంతి, రతన్‌జోత్‌లను మాత్రము ముందుగనే నూనెలోనికి దింపుకొనవలెను. పాత్రలు స్టీలువి యుండవలెను. అల్యూమినియము గిన్నెను కాస్టిక్ తినివేయుచు మండు వాయువును విడుచును. ఇనుప మూకుడులో కరక్కాయ, తంగేడుచెక్క వంటి వగరు దినుసులు సిరావలె నల్లబారును. కాస్టిక్‌ను నీటిలో వేయవలెను గాని నీటిని కాస్టిక్‌పై పోయరాదు. చేతులకు తొడుగులు, కండ్లకు అద్దాలు తప్పనిసరి, పిల్లలను ఆ దరిదాపులకు రానీయరాదు. మన బోరునీరు పలుచోట్ల కఠినజలము. అందలి సున్నపుపాలు సబ్బును మడ్డిగ మార్చి రంగును మసక చేయును. పట్టిన వాననీరో, బ్యాటరీలకు పోయు శుద్ధజలమో వాడుట మేలు. దిమ్మెపై తెల్లని బూడిదవలె పట్టు పొర గాలి తగిలి ఏర్పడిన సోడా. ఆవిరి చూపినచో పోవును, రంగు బయటపడును.

రంగు నిలుకడను తెలిసికొనుటకు ఒక సులభమైన ఉపాయము గలదు. ఒకే దిమ్మె నుండి కోసిన రెండు ముక్కలలో ఒకదానిని బీరువాలోను, మరొకదానిని కిటికీయొద్దను పెట్టి, ఆరు వారముల పిదప పక్కపక్కన ఉంచి చూచుటయే అది. పోసిననాటి రంగును చూచి మెచ్చుకొనుటయు, ఆనాడే ఫొటో తీసి అమ్మజూపుటయు కొనువారిని మోసగించుటయే యగును; ఆరిన సబ్బు రంగే దాని రంగు.

మోదుగ, తంగేడు, ఇప్ప, గునుగులను సబ్బులో పెట్టి ఎండకు ఎంతకాలము నిలుచునో, ఒండుగ దించిన మన ఎఱ్ఱమన్నులో సీసము, పాషాణము ఎంతయున్నదో కొలిచి చూచుట ఒక విద్యార్థి పరిశోధనకు సరిపోవు పని. భిక్కనూరులో తెలంగాణ విశ్వవిద్యాలయపు దక్షిణ ప్రాంగణమున్నది. ఫాల్గుణమున కోసిన మోదుగపూలు గోనెసంచులలో నీడన ఆరుచుండగనే ఈ పరీక్షలు మొదలిడవచ్చును. ఆ ఫలితములు జిల్లాలోని ప్రతి మహిళాసంఘమునకు తెలుగులో ముద్రించి పంచిపెట్టవలెనని నా కోరిక.